సమాంతర రేఖల వాలు

(మన పాఠశాల గణిత సంఘ సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



గణిత విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని గణిత సంఘమువారు నన్ను కోరిరి. నేను ఇంటర్మీడియటు వరకే చదివినవాడను. గొప్ప సిద్ధాంతములను వివరించు శక్తి నాకు లేదు. కాని ముప్పది సంవత్సరములుగా నల్లబల్ల యొద్ద నిలిచినవాడను గనుక పిల్లలు ఎచ్చట జారుదురో ఎరుగుదును. ఒకచోట నేనే జారితిని. ఆ సంగతియే నేడు మీకు విన్నవించుకొందును.

చాల సంవత్సరముల క్రిందట ఒక పరీక్షలో ఈ ప్రశ్న ఇచ్చితిని: 2 ఎక్స్ + 4 వై = 8; ఎక్స్ + 2 వై = 10. ఈ రెండు రేఖలు సమాంతరములా, కావా? ఒక బాలుడు "సమాంతరములు, రెండింటి వాలు ఒకటే" అని మాత్రము వ్రాసెను. ఆనాడు దిద్దవలసిన కాగితములు కుప్పగా నుండెను. మొదటి సమీకరణములో ఎక్స్ ముందు 2 ఉన్నది, రెండవదానిలో 1 ఉన్నది. వాలు వేరు అనుకొని, తప్పు గుర్తు పెట్టి, తరువాతి కాగితము తీసితిని. ఆ మార్కులు పోవుటచే ఆ బాలుడు ఆ పరీక్షలో తప్పెను. వారము దినములు బడికి రాలేదు. విచారింపగా, "చదువు అబ్బలేదు, మగ్గము పని నేర్చుకొనుము" అని తండ్రి మాన్పించినట్లు తెలిసెను.

ఆ లెక్కనే తరగతిలో బల్లపై చేయుచుండగా నా చేయి ఆగిపోయెను. ఏలయన, వాలు ఎంతయో చెప్పవలెనన్నచో మొదట వై ని ఒంటరిగా ఒకవైపునకు తేవలెను. మొదటి సమీకరణములో 4 వై = 8 – 2 ఎక్స్; నాలుగుచే భాగింపగా వై = 2 – ½ ఎక్స్. రెండవదానిలో 2 వై = 10 – ఎక్స్; రెండుచే భాగింపగా వై = 5 – ½ ఎక్స్. రెండింట ఎక్స్ గుణకము –½ మాత్రమే. బాలుడు వ్రాసినది సత్యము. తప్పిన వాడను నేను.

ఆ సాయంకాలమే వారింటికి పోయితిని. "తప్పు మీ అబ్బాయిది కాదు, నాది" అని తండ్రితో చెప్పి, ఆ బాలుని "నీకు ఎట్లు తెలిసినది?" అని అడిగితిని. వాడు మాటాడక, మగ్గము ప్రక్కనున్న డిజైను కాగితము తెచ్చి నా ముందు పరచెను. ట్విల్లు నేతకు గీచిన గళ్ళ కాగితమది. మన షోలాపురములో నేతగాండ్ర ఇండ్ల పిల్లలకు ఆ కాగితము క్రొత్తది కాదు.

ఆ కాగితములో నిలువు గళ్ళ వరుస ఒక్కొక్కటి ఒక పడుగు పోగు. అడ్డు వరుస ఒక్కొక్కటి ఒక పేక. పేక రెండు పోగులపైన, రెండు పోగులక్రింద పోవు ట్విల్లులో ఒక్కొక్క పేకకు ఒక్కొక్క పోగు చొప్పున గుర్తు ప్రక్కకు జరుగును. అందుచేత బట్టపై ఏటవాలు గీతలు తేలును. నాలుగు పోగులకొకసారి అదే వరుస మరల వచ్చును. ఒక గీత మూలబిందువు నుండి బయలుదేరినచో దాని సమీకరణము వై = ఎక్స్. దానిపై గీత నాలుగు గళ్ళ ఎత్తున మొదలగును; అది వై = ఎక్స్ + 4. ఆపైది వై = ఎక్స్ + 8. ఈ మూడింట ఎక్స్ గుణకము మారలేదు, చివరి సంఖ్య మాత్రమే మారినది. గుణకము గీత యొక్క వాలును తెలుపును. చివరి సంఖ్య గీత ఎచ్చట మొదలైనదో తెలుపును. ఒక పోగునకు రెండు పేకల చొప్పున గీత లేచినచో వాలు 2 అగును. చదరపు గళ్ళలో అట్టి గీత అడ్డుగీతతో సుమారు 63 డిగ్రీల కోణము చేయును.

అప్పుడు ఆ తండ్రి అన్న మాట నాకు నేటికిని జ్ఞాపకమున్నది. "పంతులుగారూ, మీ లెక్క నాకు తెల్వదు. కాని ఒక గీత వంకర పోయి పక్క గీతల కలిసిందంటే బట్ట ఖరాబైనట్టే." సమాంతర రేఖలు అనగా ఎంత దూరము పోయినను కలియనివి. దీనికి వాలుతో ఏమి సంబంధము? పుస్తకములో సూత్రము కలదు గాని, కారణమును పిల్లలు అడుగరు. అడుగవలెను.

వై = 5 – ½ ఎక్స్, వై = 2 – ½ ఎక్స్ అను ఆ రెండు రేఖలనే చూడుడు. ఎక్స్ సున్న అయినపుడు ఎత్తులు 5, 2. ఎక్స్ రెండు అయినపుడు 4, 1. ఎక్స్ నాలుగు అయినపుడు 3, 0. ఎచ్చట చూచినను ఎడము 3 గళ్ళే. రెండును ఒకే తీరున దిగుచున్నవి గనుక ఆ ఎడము తరుగదు, పెరుగదు. ఎన్నటికిని సున్న కాదు. కావున రేఖలు కలియవు.

వాలు వేరైనచో ఏమగును? వై = 2 ఎక్స్ + 1, వై = 3 ఎక్స్ – 4 తీసికొనుడు. మొదట ఎడము 5. ఒక గడి కుడికి జరిగినచో 4, మరియొక గడి జరిగినచో 3. ఇట్లు గడికొకటి చొప్పున తరిగి, ఎక్స్ 5 అయినపుడు ఎడము సున్న అగును. అచ్చట రెండింటి ఎత్తు 11. వాలులో భేదము ఎంత స్వల్పమైనను ఎడము ఎచ్చటనో ఒకచోట తీరక మానదు.

ఇట్టి లెక్కలలో మూడు జాగ్రత్తలు వహింపవలెను. ఒకటి, వై ని ఒంటరి చేయక గుణకమును చదువరాదు. నేను చేసిన తప్పు అదియే. రెండు, వాలు ఒకటే అయినంత మాత్రమున సరిపోదు. చివరి సంఖ్యను గూడ చూడవలెను. ఎక్స్ + 2 వై = 4, 2 ఎక్స్ + 4 వై = 8 అనునవి రెండు రేఖలు కావు, ఒకే రేఖ రెండు వేషములు ధరించినది. మూడు, నిలువు రేఖలకు వాలు లేదు. డిజైను కాగితముపై పేక వరుసల వాలు సున్న. పడుగు పోగులు నిలువుగా నిలిచి, కుడికి ఒక గడియైనను జరుగవు గనుక సున్నచే భాగింపవలసి వచ్చును, అది కుదరదు. అయినను పడుగు పోగులన్నియు సమాంతరములే.

ఇప్పుడు మీకొక లెక్క. వై = 2 ఎక్స్ + 5 అను రేఖకు సమాంతరముగా, (3, 1) బిందువు గుండ పోవు రేఖ ఏది? సమాంతరము గనుక వాలు 2. చివరి సంఖ్య తెలియదు. ఎక్స్ 3 అయినపుడు రెండు రెట్లు 6. కాని ఎత్తు 1 మాత్రమే కావలెను. కావున 5 తీసివేయవలెను. రేఖ వై = 2 ఎక్స్ – 5.

మరియొక మాట చెప్పి ముగింతును. మనము తెలుగులో "వాలు" అందుము. మన ఊరి మరాఠీ పిల్లలు దీనినే "చఢ్", అనగా ఎక్కుడు, అందురు. మేము వేరు, వారు వేరు చదువుచున్నామని మన పిల్లలు కొందరు బెదరుదురు. ముంబయి మార్గమున కర్జతు, లోనావళాల నడుమనున్న ఘాటులో రైలుదారి మిక్కిలి ఏటవాలుగా నున్నచోట 37 అడుగులకు 1 అడుగు లేచును. లోనావళానుండి దిగువానికి అది వాలు; కర్జతునుండి ఎక్కువానికి అది చఢ్. వెనుకకు నడచినపుడు ప్రక్కదూరము, ఎత్తు రెండును గుర్తు మార్చుకొనును గనుక భాగఫలము మారదు. ఎటు చూచినను సంఖ్య ఒకటే. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ మాటాడు మనకు ఒకే సంఖ్య రెండు పేర్లతో తెలియుట లాభమే గాని నష్టము కాదు.

మరునాడు తరగతిలో నా తప్పును నేనే చెప్పి మార్కులు దిద్దితిని. ఆ బాలుడు మరల బడికి వచ్చెను. నాటినుండి తప్పు గుర్తు పెట్టుటకు పూర్వము ఆ లెక్కను ఒకసారి స్వయముగా చేసి చూచుట అలవాటు చేసికొంటిని. సహోపాధ్యాయులకును నేను చేయు మనవి ఇదియే. విద్యార్థులారా! మీ సమాధానము సరియని తోచినచో, ఉపాధ్యాయుడు తప్పు పెట్టినను, మౌనముగా ఇంట కూర్చుండవద్దు. గళ్ళ కాగితము తీసికొని రండు. ఇద్దరము కలిసి లెక్కింతము.