ప్రవచనం అని చెబితే సరిపోతుందా? పరీక్షించడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది చాలామంది అడుగుతున్న విషయమే. "బ్రదర్, మా సంఘానికి ఒక దైవజనుడు వచ్చారు. నన్ను నిలబెట్టి ప్రవచనం చెప్పారు. అది దేవుని మాటా, మనిషి మాటా? నాకెలా తెలుస్తుంది?" అని.

ముందుగా ఒక మాట. ప్రవచన వరం అపొస్తలులతోనే ఆగిపోయిందని నమ్మే సంఘాలు ఉన్నాయి, ఈనాటికీ ఉందని నమ్మే సంఘాలు ఉన్నాయి. ఆ వాదంలోకి ఈ రోజు నేను వెళ్లను. ఎందుకంటే మీరు ఏ పక్షాన ఉన్నా, "ప్రభువు నాతో చెప్పాడు" అనే మాట మీ చెవిన పడుతూనే ఉంటుంది. ఆ మాట విన్నప్పుడు ఏం చేయాలి అన్నదే మన ప్రశ్న.

పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయం చూడండి. ప్రవచనాలను తృణీకరించవద్దు అంటాడు. ఆ వెంటనే, అన్నిటినీ పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోండి అంటాడు. మనలో కొందరు మొదటి సగమే చదువుతారు, ఎవరేం చెప్పినా ఆమేన్ అంటారు. మరికొందరు రెండో సగమే చదువుతారు, అన్నిటినీ కొట్టిపారేస్తారు. రెండూ కలిపి చదవాలి. పరీక్షించడం అవిశ్వాసం కాదండీ, అది ఆజ్ఞ.

అయితే పరీక్ష అనగానే మనకు తోచేది ఒక్కటే: "చెప్పింది జరిగిందా లేదా?" ఇది బైబిల్లో ఉన్న పరీక్షే. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చివర్లో ఉంది. యెహోవా నామంలో చెప్పిన మాట జరగకపోతే అది యెహోవా చెప్పింది కాదు, ఆ ప్రవక్తకు భయపడనక్కరలేదు అని ఉంది. కానీ అదే పుస్తకం 13వ అధ్యాయం ఎంతమంది చదివారు? అక్కడ ప్రవక్త చెప్పిన సూచన నిజంగానే జరుగుతుంది. జరిగినా సరే, అతను మిమ్మల్ని దేవుని నుండి పక్కకు తీసుకెళ్తుంటే వినవద్దు అంటాడు మోషే. అంటే జరగనిది అబద్ధమని తేలిపోతుంది గానీ, జరిగినంత మాత్రాన నిజమని తేలిపోదు. ఆ మాట నన్ను ఎక్కడికి నడిపిస్తోంది అని కూడా చూడాలి.

ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. "ఆయన నా పేరు చెప్పారు, మా ఇంటి నంబరు చెప్పారు, నా జబ్బు చెప్పారు, ఇంకేం కావాలి?" అంటారు మనవాళ్లు. 1986లో అమెరికాలో పీటర్ పోపాఫ్ అనే టీవీ సువార్తికుడు సరిగ్గా ఇదే చేసేవాడు. వేలమంది ఉన్న సభలో ఒకరి దగ్గరకు వెళ్లి పేరు, అడ్రసు, రోగం గడగడా చెప్పేసేవాడు. జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు తన మనుషులతో రేడియో స్కానర్ తీసుకుని సభకు వెళ్లాడు. ఏం దొరికింది? పోపాఫ్ చెవిలో చిన్న ఇయర్‌పీస్ ఉంది. సభకు ముందు జనం నింపి ఇచ్చిన ప్రార్థన కార్డులు చూసి, ఆయన భార్యే తెర వెనుక నుండి వివరాలు అందిస్తోంది. ఆ రికార్డింగును జానీ కార్సన్ టీవీ షోలో దేశమంతటికీ వినిపించారు. మరుసటి సంవత్సరం ఆయన దివాలా తీశాడు. అయినా కొన్నేళ్లకు మళ్లీ టీవీలోకి వచ్చాడు, మళ్లీ జనం డబ్బు పంపారు.

గమనించండి, అక్కడ చెప్పిన వివరాలన్నీ సరైనవే. వచ్చిన చోటే తప్పు. ఈ రోజుల్లో ఇయర్‌పీస్ కూడా అక్కర్లేదు. మీ ఫేస్‌బుక్ చాలు, సభకు ముందు రాసి ఇచ్చిన ప్రార్థన చీటీ చాలు. ఏమీ తెలియకపోయినా, రెండు వేల మంది కూర్చున్న చోట "మోకాళ్ల నొప్పితో బాధపడుతున్న ఒక తల్లి ఇక్కడ ఉంది" అంటే తప్పకుండా ఉంటుంది కదా! అందరు దైవజనులూ ఇలా చేస్తారని నేను అనడం లేదు. వివరాలు తెలియడం ఒక్కటే దేవుని ముద్ర కాదు అంటున్నాను.

ఇప్పుడు యిర్మీయా 28వ అధ్యాయానికి రండి. యిర్మీయా మెడ మీద కాడి వేసుకుని, బబులోను రాజుకు లోబడండి అని చెబుతున్న రోజులు. హనన్యా అనే ప్రవక్త ఆలయంలో అందరి ముందు నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, ఆలయ పాత్రలు తిరిగి వస్తాయి అన్నాడు. ఆయన కూడా యెహోవా పేరు మీదే చెప్పాడు. వినేవాళ్లకు ఎంత సంతోషం! యిర్మీయా మెడ మీది కాడిని లాగి విరగ్గొట్టాడు కూడా.

యిర్మీయా ఏమన్నాడు? నువ్వు చెప్పినట్టే జరిగితే నాకూ ఇష్టమే అన్నాడు. కానీ సమాధానం అని ప్రవచించేవాడి మాట నెరవేరినప్పుడే దేవుడు పంపాడని తెలుస్తుంది అని చెప్పి వెళ్లిపోయాడు. దేవుని దగ్గర నుండి మరో మాట వచ్చాకే తిరిగి వచ్చాడు. హనన్యా అదే సంవత్సరం చనిపోయాడు. తర్వాతి అధ్యాయంలో యిర్మీయా చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, డెబ్బై ఏళ్లు పడుతుంది అని. రెండేళ్లు అన్న మాటను నమ్మి మూటాముల్లె సర్దుకుని కూర్చున్నవాడు ఇల్లు కట్టుకుంటాడా? పిల్లలకు పెళ్లి చేస్తాడా? అబద్ధ ప్రవచనం చేసే నష్టం ఇదే. మనిషి చేయాల్సిన పని చేయకుండా ఆపేస్తుంది.

2011లో ఇలాగే జరిగింది. అమెరికాలో ఫ్యామిలీ రేడియో నడిపిన హెరాల్డ్ క్యాంపింగ్ అనే పెద్దాయన మే 21న సంఘం ఎత్తబడుతుందని తేదీ ప్రకటించాడు. కొందరు ఉద్యోగాలు వదిలేశారు, దాచుకున్న డబ్బు ప్రకటనలకు ఖర్చు పెట్టేశారు. ఆ రోజు వచ్చింది, వెళ్లింది. అక్టోబరు 21 అన్నాడు, అదీ వెళ్లింది. 2012లో తాను తేదీ ప్రకటించడం పాపమని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు మంచిదే. కానీ పోయిన ఉద్యోగాలు ఎవరు తిరిగి ఇస్తారు?

ఇంకో సంగతి. 2020 అమెరికా ఎన్నికల్లో ట్రంప్ తిరిగి గెలుస్తాడని చాలామంది ప్రవచించారు. ఆయన గెలవలేదు. జెరెమయా జాన్సన్ అనే యువ బోధకుడు 2021 జనవరిలో, నేను తప్పు చెప్పాను, క్షమించండి అని బహిరంగంగా అడిగాడు. జనం మెచ్చుకున్నారా? తిట్లు, చంపుతామనే బెదిరింపులు వచ్చాయని ఆయనే చెప్పాడు. అంటే తప్పు ప్రవక్తలది మాత్రమే కాదు, మనది కూడా. మనకు నచ్చిన మాట చెప్పేవాణ్ణి మనమే తయారు చేసుకుంటున్నాం. 1 రాజులు 22లో అహాబు అదే చేశాడు. నాలుగు వందల మంది వెళ్లు, గెలుస్తావు అన్నారు. మీకాయా ఒక్కడే నిజం చెప్పాడు, చెరసాల పాలయ్యాడు. యుద్ధానికి వెళ్లిన అహాబు తిరిగి రాలేదు.

మరి నిజమైన ప్రవచనం ఎలా ఉంటుంది? అగబును చూడండి. అపొస్తలుల కార్యములు 11లో, లోకమంతటా కరవు వస్తుందని చెప్పాడు. అంతియొకయ సంఘం ఏం చేసింది? ఎవరి శక్తి కొద్దీ వాళ్లు పోగు చేసి యూదయలోని పేద సహోదరులకు పంపింది. ప్రవచనం వచ్చాక డబ్బు కదిలింది, నిజమే. ఎటు కదిలింది? అగబు జేబులోకి కాదండీ, ఆకలిగా ఉన్నవాళ్ల దగ్గరకు. తొలి సంఘ కాలపు డిడకే అనే పుస్తకంలో కూడా ఒక నియమం ఉంది. ఆత్మలో మాట్లాడుతున్నానంటూ తనకోసం డబ్బు అడిగేవాడి మాట వినకూడదు, లేనివాళ్లకోసం ఇమ్మంటే అతన్ని తప్పు పట్టకూడదు. ఎంత సూటిగా ఉందో చూడండి!

21వ అధ్యాయంలో అదే అగబు పౌలు నడికట్టుతో తన కాళ్లూ చేతులూ కట్టుకుని, యెరూషలేములో ఇలా జరుగుతుందని చెప్పాడు. అందరూ వెళ్లొద్దని ఏడ్చారు. పౌలు వెళ్తానన్నాడు. అప్పుడు అగబు, నా మాట కాదంటే శాపం తగులుతుంది అన్నాడా? అనలేదు. ప్రభువు చిత్తం జరుగును గాక అని అందరూ ఊరుకున్నారు. నిజమైన ప్రవచనం మనిషిని దేవుని ముందు నిలబెట్టి పక్కకు తప్పుకుంటుంది. అబద్ధ ప్రవచనం మనిషిని ప్రవక్త చుట్టూ తిప్పుకుంటుంది. ఈ ఒక్క తేడా పట్టుకోండి, చాలా వరకు తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక తల్లి పంపిన ప్రశ్న చెప్పాలి. కొడుక్కి చాలా ఏళ్లుగా మూర్ఛ. ఒక కూటంలో, స్వస్థత అయిపోయింది, ఇంకా మాత్రలు వేస్తే అవిశ్వాసం అన్నారట. ఆపేయాలా అని అడిగారు. అమ్మా, ఆపొద్దు. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. యేసు ప్రభువు కుష్ఠరోగులను బాగు చేసినప్పుడు కూడా, వెళ్లి యాజకునికి చూపించుకోండి అన్నాడు. అంటే స్వస్థత పరీక్షకు నిలబడాలి. దేవుడు బాగు చేస్తే డాక్టరు పరీక్షలో తేలుతుంది, డాక్టరే మాత్రలు తగ్గిస్తారు. పరీక్షకు భయపడే స్వస్థతను మీరు నమ్మనక్కరలేదు.

"అభిషిక్తుణ్ణి ప్రశ్నించకూడదు కదా బ్రదర్" అంటారు. కీర్తనలు 105లో ఉన్న ఆ మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు రాజులు హాని చేయకూడదని చెప్పింది. ప్రశ్నించవద్దని కాదు. దావీదు అభిషిక్తుడు కాడా? నాతాను ఎదురుగా నిలబడి గద్దించలేదా? 1 కొరింథీయులకు 14లో పౌలు, ఇద్దరో ముగ్గురో ప్రవక్తలు మాట్లాడాలి, తక్కినవాళ్లు వివేచించాలి అన్నాడు. వివేచించే చోటు లేని ప్రవచనం పౌలు నేర్పిన పద్ధతి కాదు.

కాబట్టి ఇంటికి వెళ్లి చేయగలిగినవి నాలుగు చెబుతాను. ఒకటి, మీకు చెప్పిన ప్రవచనాన్ని తేదీతో సహా, చెప్పింది చెప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసుకోండి. సంవత్సరం తర్వాత అర్థం మార్చి చెప్పే వీలుండదు. రెండు, వాక్యంతో సరిచూడండి. బెరయవారు పౌలు బోధనే లేఖనాలతో సరిచూశారు, వాళ్లను ఘనులని మెచ్చుకున్నారు. మూడు, మిమ్మల్ని ఎరిగిన పెద్దలతో, ఇంట్లోవాళ్లతో చెప్పండి. "ఎవరికీ చెప్పొద్దు" అన్న ప్రవచనమైతే మరీ జాగ్రత్త. నాలుగు, పెళ్లి, వైద్యం, భూమి, అప్పు, ఈ నాలుగు విషయాల్లో కేవలం ఒక ప్రవచనం మీద నిర్ణయం తీసుకోవద్దు.

సంఘ కాపరులకు కూడా ఒక మనవి. మీ వేదిక మీద ఎవరైనా ప్రవచిస్తే, అది జరిగిందో లేదో ఆరు నెలల తర్వాత అదే వేదిక మీద సంఘానికి చెప్పండి. జరగకపోతే జరగలేదని చెప్పండి. దానివల్ల దేవుని పేరుకు అవమానం రాదు. ఆయన చెప్పనిది చెప్పాడని ఊరుకున్నప్పుడే అవమానం వస్తుంది.

మీ ప్రశ్నలు ఉంటే పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో మీకా 3వ అధ్యాయం నుండి, ప్రవక్త నోటికి, ప్రవక్త భోజనానికి ఉన్న సంబంధం గురించి చూద్దాం. ముందుగా ఆ అధ్యాయం చదివి రండి, నేను చెప్పింది కూడా దానితో సరిచూడండి. దేవుడు మనందరికీ వివేచన దయచేయును గాక. ఆమేన్.