కొండల నడిమి విజయపురి



దూరయాత్ర యనగానే మనవారికి కాశియు, బదరియు, నేపాళమందలి పశుపతినాథమును స్ఫురించును. హిమవంతుని యొడిలోనున్న ఆ నేపాళదేశమున శివాలయమును బౌద్ధచైత్యమును ఇరుగుపొరుగుల నుండుటయు, బుద్ధదేవుడు జన్మించిన లుంబిని అచ్చటనే యుండుటయు చూచి వచ్చినవారు వింతగా చెప్పుకొందురు. ఆ యాత్ర గొప్పదే. కాని అంతదూరము పోవుటకు ధనమును దేహబలమును చాలనివారు చింతింప బనిలేదు. చుట్టును కొండలు, నడుమ నొక లోయ, ఆ లోయలో వైదికులును బౌద్ధులును చేరువచేరువగా మెలగిన రాజధాని, ఇట్టి చోటు మన మిర్యాలగూడకు ఒక పూట ప్రయాణములోనే కలదు. అదియే నాగార్జునకొండ.

మూడు దిక్కుల నల్లమల కొండలు కోటగోడలవలె నిలువగా, నాలుగవ దిక్కున కృష్ణవేణి ప్రవహించుచుండిన ఆ లోయలోని నగరమునకు పూర్వనామము విజయపురి. శాతవాహనుల ప్రభ తగ్గిన పిమ్మట, క్రీస్తుశకము 3వ, 4వ శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు దానిని రాజధానిగా జేసికొని యేలిరి. వారిలో మొదటివాడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. అశ్వమేధము చేసిన వైదికధర్మాభిమాని. అతని తోబుట్టువగు శాంతిశ్రీ మాత్రము బుద్ధభక్తురాలు. శాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుడు ఈ మేనత్తకూతురినే పెండ్లాడెను. మనయిండ్లలోని మేనరికము ఆనాటి రాజగృహమునందును ఉండెనన్నమాట! ఆ యల్లుని 6వ పాలనావత్సరమున శాంతిశ్రీ మహాచైత్యమును పూర్తిచేయించినట్లు శాసనములు చెప్పుచున్నవి.

ఆ మహాచైత్యపు అడ్డుకొలత 106 అడుగులు. దాని పునాది యొక పెద్ద బండిచక్రమువంటిది. నడుమ కుంభి, దానినుండి ఆకులవలె నలుదెసలకు సాగిన యిటుకగోడలు, చుట్టును పట్టావంటి ప్రాకారము. గోడల నడిమి గదులలో మట్టి నింపి, పైన గోళాకారముగా కట్టిరి. కట్టడము బరువు నేర్పుగా పంచిన ఆ పనివారి తెలివిని మన బండ్లుచేయు వడ్రంగి చూచినచో వెంటనే గ్రహింపగలడు.

బోధిశ్రీ యను ఉపాసిక వేయించిన శాసనము మరియొకటి కలదు. కాశ్మీర గాంధారములకు, చీనాకు ధర్మము నందించిన సింహళదేశపు ఆచార్యుల కొరకు ఆమె చైత్యగృహమును కట్టించెనట. మన కృష్ణాతీరమునకు సముద్రము దాటి పండితులు వచ్చుచుండిరన్న మాట యెంత గర్వకారణము! అదే విజయపురిలో పుష్పభద్రస్వామి పేర శివాలయము, కార్తికేయుని గుడులు, అష్టభుజస్వామి పేర విష్ణ్వాలయము వెలసెను. అన్న యజ్ఞము చేసెను. చెల్లెలు చైత్యము కట్టెను. ఒకే యింట రెండు మార్గములు చెల్లెను. ఒక పండుగ పేరున రెండు ముఠాలగు గ్రామములు నేడును లేకపోలేదు కనుక, ఈ కథను మనము తీరికగా తలపోయవలెను.

కాలక్రమమున ఆ నగరము అడవిపాలయ్యెను. 1926లో సూరపరాజు వేంకటరామయ్యగారను ఉపాధ్యాయులొకరు అచ్చటి పురాతన స్తంభమును జూచి ప్రభుత్వమువారికి తెలిపిరి. శాసనశాఖలోని సరస్వతిగారు వచ్చి పరిశీలించిరి. తరువాత లాంగ్‌హర్స్టు దొర త్రవ్వకములు సాగించెను. ఒక బడిపంతులు ఊరకుండక చెప్పిన మాటచేత ఒక రాజ్యచరిత్ర వెలికివచ్చెను. నేనును ఆ వృత్తిలోనివాడనే గనుక ఈ సంగతి చెప్పునప్పుడెల్ల నా గొంతు కొంచెము పెద్దదగును.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు సాగరపు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట నిశ్చయమయ్యెను. 1954 మొదలు 1960 వరకు రాయప్రోలు సుబ్రహ్మణ్యంగారి యాధ్వర్యమున లోయనంతయు త్రవ్వి పరిశోధించిరి. ముఖ్యమగు కట్టడములు కొన్నింటిని ఊడదీసి కొండమీదను అనుపువద్దను తిరిగి నిలిపిరి. తక్కినది జలగర్భమున చేరెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. నాటి కొండశిఖరము నేడు ద్వీపము.

కార్తికమాసమున కొందరు రైతులతో నేనచ్చటికి పోయితిని. లాంచీలో పోవుచుండగా ఒక వృద్ధరైతు, "పంతులుగారూ, మన పొలము తడుపుటకు రాజుగారి పట్నమును ముంచినారా?" యని యడిగెను. "అవును తాతా" యంటిని. అతడు కొంతసేపు నీటివంక జూచి, "అయితే మనము అప్పుపడియున్నాము" అనెను. ఎడమకాలువ నీటితో మాగాణులై, మిల్లుల నిండ బియ్యమై, మన తాలూకాల యాకలి తీర్చినది ఆ జలమే. ఆనకట్ట తగదని నేననను. అన్నము లేనిచో చరిత్ర యెవ్వరు చదువుదురు? కాని వృద్ధుడు చెప్పిన యప్పు నిజము.

ఆ యప్పు తీర్చు దారి మన సూర్యాపేట సీమలోనే కలదు. నాగారము మండలమున ఫణిగిరి యను గుట్ట పాముపడగవలె నిలిచియున్నది. దానిమీద స్తూపము, విహారములు, చెక్కిన తోరణపు దూలములు బయల్పడినవి. ఇక్ష్వాకు రాజగు రుద్రపురుషదత్తుని 18వ పాలనావత్సరపు శాసనము దొరకినది. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు లభించినవి. ఆ కుండ పురావస్తుశాఖవారి చేతికి గాక నిక్షేపముల వేటగాండ్ర చేతికి చిక్కియుండినచో, నాణెములు కరగి సీసపుముద్దలయ్యెడివి.

కావున పెద్దలారా, వచ్చు సెలవులలో మనుమలను వెంటబెట్టుకొని నాగార్జునకొండను చూపుడు. శుక్రవారము మ్యూజియము మూసియుందురు. ఆ దినము తప్పించుకొనుడు. దారి కలిసినచో కృష్ణామూసీ సంగమమున వాడపల్లి యగస్త్యేశ్వరుని దర్శించుడు. ఇంటికి వచ్చిన పిమ్మట మీయూరి దిబ్బలను, గట్లను ఒక్కమారు పరికింపుడు. నాగటిచాలున చెక్కిన రాయి తేలినచో గడపక్రింద వేయకుడు. అక్షరములున్నచో సున్నము పూయకుడు. తహసీలుదారునకో, బడిలోని యుపాధ్యాయునకో తెలుపుడు. నీట మునిగిన దానిని మనము తేలేము. నేలమీద మిగిలినదానిని నిలుపుకొనుట మాత్రము మన చేతిలోనే యున్నది.