2,620 కోట్ల డాలర్ల రిజిస్టరు



2016 జూన్ 13న మైక్రోసాఫ్ట్ కంపెనీ లింక్డ్‌ఇన్ అనే సంస్థను 2,620 కోట్ల డాలర్లకు కొనబోతున్నట్లు ప్రకటించినది. డిసెంబరు నాటికి కొనుగోలు పూర్తయినది. అమెరికా కంపెనీల బేరసారాలతో రైల్వే, తపాలా ఉద్యోగులకు పనియేమని కొందరు అడిగారు. మన బిడ్డలలో అనేకులు ఉద్యోగార్థులై నేడు పేరు నమోదు చేసుకొనుచున్నది ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో కాదు, ఆ లింక్డ్‌ఇన్‌లోనే. అందుచేత ఈ ప్రసంగం.

ఇంతకూ కొన్నదేమిటి? యంత్రాలు కావు, ఫ్యాక్టరీలు కావు. ప్రధానంగా సభ్యులు తమ చదువు, అనుభవం, పాత యజమానుల పేర్లు తామే వ్రాసి ఇచ్చిన వివరాలు. మన సర్వీసు రిజిస్టరు వ్రాసే గుమాస్తాకు జీతమున్నది. అక్కడ ఎవరి రిజిస్టరు వారే జీతం లేకుండా వ్రాసుకొంటారు; అమ్మకపు సొమ్ము మాత్రం వాటాదారులది. నాటి సభ్యులు 43 కోట్ల పైచిలుకు, అనగా తలకు 60 డాలర్లు. నెలలో ఒక్కసారైనా తొంగిచూచేవారు పదిన్నర కోట్లే. వారినే లెక్కిస్తే తలకు సుమారు 250. 2015లో ఆ సంస్థకు మిగిలినది నష్టమే. 2016 ఫిబ్రవరిలో ఒక్క రోజులో దాని వాటా ధర నలభై శాతానికి మించి కూలినది. అయినను మార్కెట్ ధరపై సుమారు సగం అదనంగా కలిపి, వాటాకు 196 డాలర్ల చొప్పున చెల్లించారు.

మా అనుమానం ఊరక పుట్టినది కాదు. ఇదే కంపెనీ 2007లో ఏక్వాంటివ్ అనే ప్రకటనల సంస్థను 630 కోట్ల డాలర్లకు కొని, 2012లో అందులో 620 కోట్లు పద్దులలో కొట్టివేసినది. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారం చేతికి వచ్చినది. మరుసటి సంవత్సరమే 760 కోట్లు రద్దు వ్రాసి, 7,800 వరకు ఉద్యోగాలకు కోత పెట్టినది. చెన్నై సమీపాన శ్రీపెరంబుదూరు నోకియా ఫ్యాక్టరీ పన్ను వివాదం వలన ఆ అమ్మకంలో చేరలేదు. 2014 నవంబరు 1న అక్కడ ఉత్పత్తి ఆగిపోయినది. ఆ వరుసలలో పనిచేసినవారిలో అత్యధికులు యువతులు. కొట్టివేత పద్దులో వారికొక గడి లేదు.

మైక్రోసాఫ్ట్ అధిపతి శ్రీ సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టినవారని మన పత్రికలు సంబరపడ్డాయి. సంబరపడవచ్చు. నోకియా బేరం కుదిరినది ఆయనకు ముందువారి హయాములోనన్న మాటా నిజమే. ఉద్యోగాల కోత ఆయన హయాములోనిదన్న మాటా నిజమే.

న్యాయంగా మరొకటి ఒప్పుకోవాలి. వ్యాపారం లెక్కన లింక్డ్‌ఇన్ మునిగిపోలేదు. 2023 ఆర్థిక సంవత్సరంలో దాని ఆదాయం 1,500 కోట్ల డాలర్లు దాటినది. ధర దండగ అనుకొన్న మా అంచనా అంతవరకు తప్పినది. అయితే ఆదాయం పెరుగుచుండగానే, అదే 2023లో రెండు విడతలుగా 1,300 మందికి పైగా ఉద్యోగుల తొలగింపు ప్రకటించారు. నష్టం వచ్చినచోట నోకియా కార్మికుడు పోయినాడు, లాభం వచ్చినచోట లింక్డ్‌ఇన్ ఉద్యోగి పోయినాడు.

తపాలా సోదరులకు తెలియనిది కాదు: కవరు మీది చిరునామాతోనే మనకు పని, లోపలి సంగతితో కాదు. ఈ వ్యాపారానికి లోపలి సంగతే సరుకు. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత డేటా చట్టంలో, ఇచ్చిన వివరాలను దిద్దించుకొనే, తొలగింపజేసుకొనే హక్కులు వ్రాసియున్నవి. బిడ్డలు అందులో పేరు వ్రాసుకొనవద్దని మేము అనము. ఉద్యోగం కావాలి కదా. ఉద్యోగానికి అవసరమైనంతే వ్రాయమని చెప్పండి. పుట్టినతేదీ, ఇంటి ఫోను నంబరు అడిగినంత మాత్రాన ఇవ్వనక్కరలేదు.

ఇక మీ ప్రశ్నలు వినెదము.