ఉప్పు పన్ను మనది, ఓటు వాళ్లది
(మూలపేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెల్లదొర స్వపరిపాలన ఎందుకిచ్చాడు? నాయకులు అడిగారు, జైళ్లకెళ్లారు, దొర దిగొచ్చాడు అని బళ్లో చెప్తారు. అది అబద్ధమని నేననను. కానీ అందులో డబ్బు లెక్క ఉండదు. ఇవాళ ఆ లెక్కే మాట్లాడుకుందాం.

1857 తిరుగుబాటుని అణిచిన ఖర్చు కూడా మన దేశం నెత్తినే అప్పుగా రాశారు. ఖజానాకి లోటొచ్చింది. 1870లో వైస్రాయి మేయో బళ్లు, రోడ్లు, ఆసుపత్రుల ఖర్చుని రాష్ట్రాల మీదికి, అక్కణ్ణించి ఊళ్ల మీదికి నెట్టాడు. మద్రాసు రాష్ట్రంలో 1871లో భూమి మీద సెస్సు పడింది. ఆ డబ్బు చూసుకోవడానికి పెద్దమనుషులు కావాలి గదా! 1882లో రిప్పన్ తీర్మానం, 1884లో లోకల్ బోర్డుల చట్టం వచ్చాయి. రిప్పన్ మనసు మంచిదే కావచ్చు, కుర్చీలెక్కింది మాత్రం జమీందార్లు, ప్లీడర్లు, పెద్దరైతులు.

1914 యుద్ధానికి మన దేశం నుంచి మనుషుల్ని తీసుకుపోయారు. పైగా 10 కోట్ల పౌన్లు ‘కానుక’ అని రాసుకున్నారు. ఇంకా పన్నులు కావాలి, జనం తిరగబడకూడదు. 1919 చట్టం అలా వచ్చింది. బడి, ఆసుపత్రి, ఆబ్కారీ మంత్రులకిచ్చి, పోలీసునీ భూమిశిస్తునీ గవర్నరు దగ్గరుంచారు. ఉప్పు పన్ను నేరుగా ఢిల్లీకే.

ఓటెవరికి? శిస్తు కట్టే పట్టాదారుకి, ఆదాయ పన్ను కట్టేవాడికి, పింఛను సైనికుడికి. సుమారు 24 కోట్ల జనంలో 50 లక్షల పైచిలుకు మందికి!

మన నౌపడా ఉప్పు మడులు చూడండి. ఎండలో ఉప్పు లాగిన కూలి, తన గంజిలో వేసుకునే ఉప్పుకి సర్కారుకి పన్ను కట్టాడు. లైసెన్సు లేకుండా గుప్పెడు చేసుకుంటే నేరం. మాలైనా, రెల్లైనా, వేటకెళ్లే జాలరైనా కట్టిన పన్నే అది. దానికి రసీదు లేదు, ఓటూ లేదు. పన్ను కట్టనందుకు మనకి ఓటు ఇవ్వలేదంటే నమ్మకండి.

బాబాసాహెబ్ 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు మన ప్రాతినిధ్యం అడిగారు. 1928లో సైమన్ కమిషన్ ముందు వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటన్నారు. 1935 చట్టం కూడా ఆస్తి లెక్క వదల్లేదు.

రెండో యుద్ధం అయ్యేసరికి బ్రిటనే మనకి సుమారు 130 కోట్ల పౌన్లు బాకీ పడింది. 1946 ఫిబ్రవరిలో నావికులు తిరగబడ్డారు. దండు పెట్టి ఏలే స్తోమత పోయింది. 1947లో ఉప్పు పన్నూ పోయింది, దొరా పోయాడు. మన చేతికి ఓటు వచ్చింది మాత్రం రాజ్యాంగంతో, 1951-52 ఎన్నికల్లో.

ఇక మన ఊరి సంగతి. 2023లో ఇక్కడ పోర్టుకి శంకుస్థాపన అయింది. మళ్లీ పట్టా ఉన్నోడి లెక్కే ముందు నడుస్తుంది. 2013 భూసేకరణ చట్టం చదివించుకోండి. భూమి లేకపోయినా, సేకరణకి ముందు మూడేళ్లు ఆ ప్రాంతంలో కూలికో కౌలుకో చేసి దానిమీదే బతికిన కుటుంబం, వేట మీద బతికే కుటుంబం కూడా బాధిత కుటుంబాలే. జాబితాలో పేరుందో లేదో ప్రతి ఇంటివాళ్లూ చూసుకోండి. లేకపోతే గ్రామసభలో లేచి అడిగి, మినిట్స్ పుస్తకంలో రాయించండి.