మన చౌరస్తా కథ

 

పొద్దంతా చేన్ల పని చేసి వచ్చిండ్రు. ఇంట్ల రొట్టెలు చేసి, పిల్లలకు పెట్టి వచ్చిండ్రు. అందుకే పెద్ద ఉపన్యాసం ఇయ్యను. మనందరికీ తెలిసిన జాగ గురించే నాలుగు మాటలు చెప్తా. అదే మన బంట్వారం చౌరస్తా.

అక్కడ బస్సు ఎక్కుతం, దిగుతం. చాయ హోటలు, కిరాణా దుకాణం, జిరాక్సు దుకాణం రోజూ చూస్తం. ఇవన్నీ ఎట్ల వచ్చినయో ఎప్పుడన్నా ఆలోచించినమా? రాజులకే చరిత్ర ఉంటదా? మన చౌరస్తాకు ఉండదా?

మన ఊరికి రైలు లేదు. అయినా మన దారుల కథ రైలుతోనే మొదలుపెట్టాలి. నిజాం రాజ్యంలో 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు దారి పడింది. అది తాండూరు మీదుగా, వికారాబాదు మీదుగా పోతుంది. రైలు ఆగే చోట సరుకు అమ్ముడుపోతుంది. అందుకని పల్లెల నుంచి కందులు, జొన్నలు ఎడ్లబండ్ల మీద రైలు దిక్కు నడిచినాయి. బండ్లు నడిచిన బాటలు ఎన్నో తర్వాత రోడ్లయినాయి.

రెండు బాటలు కలిసిన కాడ బండి ఆగుతది. ఎడ్లకు నీళ్లు కావాలె. మనిషికి ఇంత తిండి కావాలె. చక్రం విరిగితే కమ్మరి, వడ్ల ఆయన కావాలె. ఒకరి వెనక ఒకరు వచ్చి గుడిసె వేసుకుంటరు. చౌరస్తా అట్లనే పుడుతది.

తర్వాత బస్సులు వచ్చినాయి. 1932లో నిజాం రైల్వే వాళ్లే బస్సులు మొదలుపెట్టినారు. అప్పుడు రాజ్యం మొత్తానికి 27 బస్సులే. పల్లె పల్లెకు బస్సు రావడానికి చాలా ఏండ్లు పట్టింది.

మన మాటకు కూడా ఒక కథ ఉంది. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేవి. నిజాం కాలంలో కచేరీ కాగితాలు ఉర్దూలో రాసేవారు. అందుకే ఇప్పటికీ మన దిక్కు అంగట్లో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినపడతాయి.

1948 సెప్టెంబరు 17న నిజాం పాలన పోయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1978లో రంగారెడ్డి జిల్లా వచ్చింది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా వచ్చింది. మన ఊరు మాత్రం ఉన్నకాడనే ఉంది. బోర్డు మీది పేర్లే మారినాయి.

ఒకప్పుడు ఊరి లెక్కలన్నీ పటేలు, పట్వారీ చేతిలో ఉండేవి. 1984లో ఆ పద్ధతి తీసేసినారు. 1985లో మండలాలు పెట్టినారు. బంట్వారం మండల కేంద్రం అయింది. ఆఫీసు దగ్గరికి వచ్చింది. ఆఫీసుకు వచ్చే మనుషులతో చౌరస్తా పెరిగింది. దరఖాస్తు రాసేటాయన వచ్చిండు. జిరాక్సు వచ్చింది. ఫొటో స్టూడియో వచ్చింది.

ఇదంతా కాగితాల మీద దొరికే చరిత్ర. కాగితాల మీద లేని కథ ఒకటి చెప్తా. అది మా నానమ్మ కథ.

మా నాయన చిన్నగున్నప్పుడు మా తాతకు టీబీ వచ్చింది. అనంతగిరి గుట్ట మీది టీబీ దవాఖానలో చేర్చినారు. నానమ్మ వారానికి ఒకసారి జొన్న రొట్టెలు మూటగట్టుకొని పోయేది. ఒకనాడు పొద్దుగూకే యాళ్లకు చౌరస్తాకు వచ్చింది. రెండు బస్సులు నిలబడి ఉన్నయి. ఒకటి వికారాబాదుది, ఒకటి తాండూరుది. ఏది ఏదో తెలవలేదు. ఎవరినో అడిగింది. ఆయన చెయ్యి చూపిచ్చిండు. ఎక్కి కూసుంది.

దిగితే తాండూరు! చీకటి పడ్డది. కొంగున తిరిగిపోయే పైసలే ఉన్నయి. రాత్రంతా బస్టాండులనే కూసుంది. తెల్లారినంక ఎట్లనో అనంతగిరి చేరింది. అప్పటికి రొట్టెలు ఎండి అట్టలైనయి. తాత వాటిని నీళ్లల్ల ముంచుకొని తిన్నడు. "రాత్రంతా దారి చూసిన" అన్నడట. అంతే. ఒక్క మాట తిట్టలేదు.

తాత బాగై ఇంటికి వచ్చిండు. కానీ ఆ మాట నానమ్మ చచ్చేదాకా మరువలేదు. "ఆ రెండు బస్సులకు బోర్డులు ఉండె బిడ్డా. తెలుగులనే ఉండె. నాకే కండ్లు లేకపాయె" అనేది. అందుకే నేను టీచర్ ట్రైనింగు చేసినంక, ఉద్యోగం వచ్చేదాకా ఊరికే కూసోకుండ ఈ సెంటరుకు వచ్చిన.

2023 డిసెంబరు 9 నుంచి మన ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు పైసలు లేవు. మంచిదే. కానీ బోర్డు మనమే చదువుకోవాలె. కాగితం కూడా అంతే. చౌరస్తాలో దరఖాస్తు రాయించుకుంటిరా, "ఇగో ఈడ వేలు పెట్టు" అంటే పెట్టకుండ్రి. "ఆగు, చదువుతా" అనుండ్రి. ఆలస్యమైనా సరే. కూడబలుక్కొని చదివినా సరే. మొత్తం చదివినంకనే సంతకం పెట్టుండ్రి.

ఇంకొక పని చెప్తా. మీ ఇంట్ల ముసలవ్వ ఉంటది. ఆమె దగ్గర కూసోని అడుగుండ్రి. చౌరస్తాకు మొదలు వచ్చిన దుకాణం ఏది? ఊరికి బస్సు ఎప్పుడు వచ్చింది? ఆమె దాన్ని ఎక్కి మొదలు ఎక్కడికి పోయింది? ఆమె చెప్పింది నోటుబుక్కుల నాలుగు వరుసలు రాయుండ్రి. తప్పులు పోతే పోనీ. దిద్దుకుందాం. ఆ అవ్వ పేరు మాత్రం మీద పెద్దగ రాయుండ్రి. ఇన్నాళ్లు ఏ కాగితం మీద ఆమె పేరు రాసినారు? నిశాని పక్కనే కదా!

వచ్చే శుక్రవారం నోటుబుక్కులు తెండ్రి. మా నానమ్మ కథ నేను చెప్పిన. మీ ఇంటి కథ మీరు రాసి, మీరే చదవాలె. మేమందరం వింటం.

సెలవు.