డిక్కీలో నీరు: రాక, వెదకులాట, చికిత్స



రెండేండ్ల క్రిందట ఆషాఢమాసమున రైతుమిత్రుడొకడు తన కారును మా షెడ్డునకు తోలుకొని వచ్చి, "డిక్కీ తెరిస్తే చెరువు వాసన కొడుతోందయ్యా, కాస్త చూడు" అనెను. నేను లోపలి మ్యాట్టును తీసి, దాని క్రింది అట్టపలకను లేవనెత్తి, స్టెప్నీని పైకి లాగగా, ఆ గుంటలో నాలుగువ్రేళ్ళ లోతు నీరును, ఆ నీటియంచున వెలుతురెరుగక పాలిపోయి నిలిచిన వరిమొలకలును కనబడెను. పది దినముల ముందు విత్తనపువడ్ల బస్తా ఒకటి ఆ డిక్కీలో వచ్చినదట. బస్తాచిరుగునుండి రాలిన గింజలు తమకు తెలిసిన పని తాము చేసినవి. "నా మడిలో నారింకా లేవలేదు, ఇక్కడ లేచిందే!" అని అతడు నవ్వెను గాని, ఆ మొలకలను తీసి చూచిన నాకు నవ్వు రాలేదు, ఏలయన వాని వేళ్ళతోపాటు ఇనుపరేకు తుప్పుపెళ్ళలై నా చేతికి వచ్చెను.

స్టెప్నీ యను మాట ఒక వీథి పేరు. 1904వ సంవత్సరమున వేల్సు దేశములోని లానెల్లీ పట్టణమున, స్టెప్నీ వీథిలో, డేవీస్ సోదరులు అదనపు చక్రమును చేసి యమ్మిరి. అక్కడివారు ఆ పేరును మరచిపోయినను మనము మాత్రము నేటికిని విడువలేదు. ఆ చక్రమునకై త్రవ్వినట్లుండు గుంటయే నేటి కార్లలో వెనుకభాగమునకెల్ల పల్లపుచోటు. కావున నీరు ఏ దారిని లోనికి వచ్చినను తుదకచ్చటికే చేరును. గుంటలో నీరున్నది గనుక గుంటకే చిల్లిపడినదని తలచి దానికి మందు పూయువారిని నేను నిత్యము చూచుచున్నాను. పెంకుటింటిలో కాపురమున్నవారికి ఈ సంగతి విప్పిచెప్పనక్కరలేదు: పెంకు పగిలినది వెన్నుగాడి దగ్గరయైనను, నీరు వాసము వెంట ప్రాకి నడవలోని మంచముపై పడును. కారులోను రేకుల మడతలే వాసములు.

మరి నీరు వచ్చు దారులేవి? డిక్కీ మూతచుట్టునుండు రబ్బరు బీడింగునే అందరును ముందు నిందింతురు. అది కొంత నిజమే. కాని వెనుకదీపముల నేరము అంతకంటె తక్కువది కాదు. దీపపు పెట్టెకును రేకునకును నడుమ స్పంజివంటి మెత్తని గ్యాస్కెట్టు ఒకటి యుండును. ఏండ్లు గడచినకొలది అది నలిగి, అప్పడమువలె పలుచబడి, బల్బు మార్చుటకై దీపమును విప్పి మరల బిగించినప్పుడెల్ల మరికొంత చితికిపోవును. ఇక రేకును రేకును అతికిన కుట్లలో ఫ్యాక్టరీవారు పూసిన సీలరు ఎండకు బీటలు వారవచ్చును. వెనుకనుండి ఢీకొనిన కారునకు టింకరింగు చేసి, రంగు వేసి, ఈ సీలరును మాత్రము మరల పూయక పంపిన సందర్భములు మా వృత్తిలో కోకొల్లలు. పాత కారు కొనువారు ఇంజను చప్పుడు వినుటకు ముందు స్టెప్నీ గుంటలో నీటిచార యున్నదేమో చూచుట మేలు.

మీలో పలువురెరుగని ద్వారమొకటి కలదు. అద్దములన్నియు మూసిన కారునకు తలుపు వేసినపుడు లోపలి గాలి ఎటు పోవును? పోవుటకు దారి లేనిచో తలుపు పడదు, చెవులు దిబ్బడవేయును. అందుకై వెనుక బంపరు చాటున, అటునిటు, పలుచని రబ్బరు రెప్పలుగల కిటికీలనమర్తురు. గాలి వెలుపలికి పోవునపుడు రెప్ప తెరచుకొనును, పిదప తానే వాలును. ఆ కిటికీ చట్రము చుట్టునున్న స్పంజి చివికిపోయినచో, చక్రములు చిమ్మిన బురదనీరు తిన్నగా లోనికి వచ్చును. అట్టి కారు వానలో ఊరక నిలిపియున్నచో అంతగా కారదు, తడిరోడ్డుపై పది మైళ్ళు పోయి వచ్చినచో నిండును. వానయే లేని దినమున తడి కనబడినచో, వెనుక అద్దము కడుగుటకై కప్పులోనుండి పోవు సన్నని గొట్టము ఊడినదేమో చూడవలయును. రోగి చెప్పు వేళను బట్టియే వైద్యుడు సగము రోగమును గుర్తించునట్లు, నీరు ఎప్పుడు చేరుచున్నదో అడిగి తెలిసికొనుటయే మా మొదటి పరీక్ష.

రెండవది జలపరీక్ష. డిక్కీలోని సరంజామానంతయు తీసి, లోపలి రేకును పొడిగుడ్డతో తుడిచి, అనుమానమున్న మడతలపై పసిపిల్లలకు పూయు పౌడరును పలుచగా చల్లవలయును. వెనుకసీటును మడిచి, ఒకడు టార్చిలైటుతో అటనుండి లోనికి దూరి కూర్చుండవలయును. ఊపిరాడని చోట మనిషిని పెట్టి మూత వేయుట తగదు గనుక, సీటు మడుగని కారులో ఈ ప్రయత్నమే వలదు. వెలుపలివాడు గొట్టముతో సన్నని ధారను, బంపరునొద్ద మొదలుపెట్టి, ఒక్కొక్కచోట ఐదేసి నిమిషములు నిలుపుచు, మెల్లమెల్లగా పైకి పోవలయును. పైనుండి క్రిందికి పోసినచో సకలమును ఒకేసారి తడిసి, ఏది దొంగయో ఏది దొరయో తెలియదు. నీరు చొచ్చిన క్షణమున తెల్లని పౌడరులో చీమబారువంటి నల్లనిగీత యొకటి దిగివచ్చును. ఆ గీత మొదలే మనము వెదకు చోటు. బీడింగు పట్టును చూచుటకు వార్తాపత్రిక చీలికను మూతక్రింద పెట్టి మూసి లాగిన చాలును. బిగువుగా రావలయును, జారివచ్చినచోట రబ్బరు అలసినదనియో, మూత సరిగా వాలుటలేదనియో తెలిసికొనవలయును.

చోటు తెలిసిన పిదప చికిత్స స్వల్పమే. గ్యాస్కెట్టు మార్చుట, లేదా మెత్తదనము కోల్పోని బ్యూటైలు పట్టీని దీపము చుట్టు అద్దుట, బీటవారిన కుట్టును గీకి, తుప్పును తొలగించి, ప్రైమరు పూసి, ఆరిన పిమ్మట పాలియూరితేను సీలరు దిద్దుట, ఇంతే. కాని వెనిగరు వాసన వేయు చౌక సిలికోనును మాత్రము తేవలదు. అది గట్టిపడుచు ఆమ్లమును విడుచును. ఆ యామ్లము రేకును తినును, ఆ పైని రంగు నిలువదు, మరల సరిచేయబోవువానికి గోరుతో గీకినను వదలదు. గుంట యడుగున రబ్బరు బిరడాను ఊడదీసి నీరు పోనిచ్చుట కాళ్ళకు చెప్పులు లేనివానికి నీడ చూపుట వంటిది. ఒక పూటకు ఫరవాలేదు, కాని అదే రంధ్రమునుండి రోడ్డునీరు పైకి చిమ్మును.

రైతుమిత్రుని కారునకు ఎడమదీపపు గ్యాస్కెట్టు నలిగియుండెను. దానిని మార్చితిమి, తినివేయబడిన రేకునకు అతుకు వేయవలసివచ్చెను, అతుకు ఖర్చు గ్యాస్కెట్టు ఖర్చునకు అనేక రెట్లయ్యెను. మొలకలను మాత్రము అతడు పారవేయనీయక, తడిగుడ్డలో చుట్టి పట్టుకొని పోయెను.

వెలుపల ఆవరణలో నా పాత కారు నిలిచియున్నది. దాని డిక్కీలోనికి ఏడాదిగా ఎటనుండియో నీరు వచ్చుచున్నను, ఈ సభకొరకే దానిని ముట్టకయుంచితిని. గొట్టము, పౌడరు సిద్ధముగానున్నవి. లోపల కూర్చుండుటకు మా కుర్రవాడు ఒప్పుకొనినాడు. టార్చిలైటు తెచ్చుట మరచితిని, ఎవరియొద్దనైన నున్నచో దయచేసి ఇండు.