వార్ధక్యమునకు ముందే వ్రాసికొనవలసిన కాగితములు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



ఈ శిబిరమున ఇంతవరకు ఇంటి పన్నులను గూర్చియు, త్రాగునీటిని గూర్చియు మీకు చెప్పిరి. మేము చెప్పబోవు విషయము పంచాయతీ లెక్కల పుస్తకములలో ఎక్కడను కానరాదు. అయినను రచ్చబండ వద్దకు, సర్పంచిగారి అరుగు మీదకు తరచుగా వచ్చు తగవు ఇదియే. వృద్ధులైన తల్లిదండ్రులను ఎవరు చూడవలెను? వారు మంచమున పడినచో మందులకు, మనిషికి అగు ఖర్చు ఎవరు భరింపవలెను?

మేమెరిగిన ఒక గ్రామమున ఒక రైతు దంపతులు తమ మూడెకరముల మాగాణిని ఇరువురు కుమారుల పేర దాన సెటిల్‌మెంటు వ్రాసి రిజిస్టరు చేయించిరి. ఆ గ్రామము ఆంధ్రలోనిదా, తెలంగాణలోనిదా అని మీరు అడుగవద్దు, రెండింటను ఉన్నది. పెద్దవానికి బ్యాంకు అప్పు కావలసివచ్చినది. అన్నకు వ్రాసి తనకు వ్రాయరా అని చిన్నవాడు పట్టుబట్టెను. దస్తావేజు లేఖరి "ప్రేమాభిమానములచేత" అని వ్రాసెనే గాని, తల్లిదండ్రులకు అన్నము పెట్టవలెనను మాట వ్రాయలేదు. ఎవరును వ్రాయుమనలేదు. కన్నబిడ్డల వద్ద అట్టి మాట కాగితమున పెట్టుట నామోషీ అని ఆ తండ్రి తలచెను. తరువాత నెల వంతులు ఏర్పడినవి. ఈ నెల ఈ ఇంట, వచ్చు నెల ఆ ఇంట. ముప్పదియొక్క దినముల నెలలో ఆ చివరి నాటి అన్నము ఎవరిదని ఇంటిలో మాట వచ్చినదని విని మేము నమ్మలేదు. పిమ్మట ఆ తల్లియే స్వయముగా చెప్పినది. తండ్రికి పక్షవాతము వచ్చిన నాటితో ఆ వంతులును నిలిచిపోయినవి.

ఇట్టి వారికొరకు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. తమ సంపాదనతో గాని ఆస్తితో గాని జీవింపలేని తల్లిదండ్రులు మేజరులైన కుమారులనుండియు, కుమార్తెలనుండియు, మనుమలు మనుమరాండ్రనుండియు మనోవర్తి కోరవచ్చును. మతభేదము లేదు. సంతానము లేని 60 ఏండ్లు నిండినవారు, తమ ఆస్తి ఎవరికి సంక్రమించునో ఆ బంధువును అడుగవచ్చును. కుమార్తెలు కూడనా అని కొందరు ఆశ్చర్యపడుదురు. 1985 నుండి మన రాష్ట్రమున ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కు ఏర్పడినది; హక్కు ఉన్నచోట బాధ్యతయు ఉండును గదా.

రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయికి తక్కువ కాని అధికారి అధ్యక్షతన ఉండు ట్రిబ్యునలు ఈ అర్జీలను విచారించును. అర్జీని వృద్ధులే ఇయ్యనక్కరలేదు. వారు అధికారమిచ్చిన ఎవరైనను ఇయ్యవచ్చును. నోటీసు అందిన 90 దినములలో తీర్పు చెప్పవలెను; ప్రత్యేక కారణమున్నచో మరి 30 దినములు గడువు కలదు. ఈలోగా మధ్యంతర భత్యము కూడ ఇప్పింపవచ్చును. చట్టములో మనోవర్తికి నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి కలదు. నిజము చెప్పవలెనన్నచో, రాత్రింబగళ్ళు కనిపెట్టియుండు మనిషిని పెట్టుకొనవలసివచ్చిన ఇంటికి ఈ మొత్తము చాలదు. కావుననే చేతిలో ఆస్తి ఉన్ననాడే జాగ్రత్తపడుడని మేము చెప్పుచున్నాము.

అసలు మెలిక ఈ చట్టములోని 23వ సెక్షనులో ఉన్నది. పోషించవలెనను షరతుతో ఆస్తి ఇచ్చి, పుచ్చుకొన్నవాడు ఆ షరతు తప్పినచో, ఆ బదిలీ మోసముచేత జరిగినట్లు భావించి ట్రిబ్యునలు దానిని రద్దు చేయవచ్చును. షరతు అనునది ఇచట ప్రాణము. షరతు ఉన్నట్లు చూపనిదే ఈ సెక్షను వర్తింపదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పెను. 2025 జనవరిలో మరియొక కేసు వచ్చినది. అందు తల్లి వ్రాసిన దాన దస్తావేజుతో పాటు, ఆమెను చూచుకొందునని కుమారుడు వ్రాసియిచ్చిన కాగితము కూడ ఉండెను. సుప్రీంకోర్టు ఆ దానమును రద్దుచేసి, ఈ చట్టమును వృద్ధులకు మేలు కలుగునట్లు ఉదారముగా అన్వయింపవలెననియు, స్వాధీనమును తిరిగి ఇప్పించు అధికారము ట్రిబ్యునలుకు కలదనియు చెప్పెను. ఆ తల్లిని కాపాడినది ఆ కాగితమే.

కనుక మీ గ్రామమున ఎవరైనను సెటిల్‌మెంటు వ్రాయబోవుచున్నారని తెలిసినచో రెండు మాటలు చెప్పుడు. మొదటిది, తొందరపడి దానము చేయవలదని. వీలునామా వ్రాసినచో చాలును. ఇరువురు సాక్షులు సంతకము చేసినచో అది చెల్లును. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయించుట మంచిది. వీలునామాను బ్రతికియున్నంతకాలము మార్చవచ్చును, చింపివేయవచ్చును. రిజిస్టరు అయిన దానమును ఇష్టము వచ్చినపుడు వెనుకకు తీసికొనుటకు వీలులేదు. రెండవది, దానమే చేయవలసివచ్చినచో దస్తావేజులో ఇట్లు వ్రాయింపుడు: "మా జీవితకాలమంతయు ఫలసాయము మేమే అనుభవింతుము. మాకు తిండి, బట్ట, వైద్యము, పరిచర్య లోపము లేకుండ జరుపవలెను. జరుపనిచో ఈ దస్తావేజు రద్దు కాగలదు." మాట దస్తావేజులోనే ఉన్నచో భూమిని తరువాత కొనువాడును దానిని చూచును, తెలిసి కొన్నవాడు ఆ బాధ్యతను తప్పించుకొనలేడు. లేఖరికి ఇవి నాలుగు పంక్తులు మాత్రమే.

మరియొక సంగతి. పెద్దవారు మతిమరుపులో పడకముందే ఇవి జరుగవలెను. మా నాయన మాకు పవరాఫ్ అటార్నీ ఇచ్చినాడు గదా అని కొందరు ధీమాగా ఉందురు. ఇచ్చినవాని మతి చలించినచో 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ఆ అధికారము ముగిసిపోవును. మతి స్థిరముగా ఉండి కాళ్ళు మాత్రము కదలనివారికి ఆ భయము లేదు. సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి దస్తావేజు రిజిస్టరు చేయుటకు చట్టములో వీలు కలదు. బ్యాంకులో కూడ, సంతకము చేయలేని రోగి వేలిముద్రను ఇరువురు సాక్షులు, అందొకరు బ్యాంకు ఉద్యోగి, గుర్తించినచో సొమ్ము ఇయ్యవచ్చును. ఇవి తెలియకనే తండ్రిని మంచముతో సహా ట్రాక్టరుపై తెచ్చినవారిని మేము చూచితిమి.

ఇక సొమ్ము సంగతి. భూమి అమ్మిన పైకము వచ్చినచో అంతయు పంచిపెట్టక కొంత తమ పేర నిలుపుకొనుట మేలు. తపాలా కార్యాలయమున 60 ఏండ్లు దాటినవారికి సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకము కలదు. ఐదేండ్ల గడువు, మూడు నెలలకొకమారు వడ్డీ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వృద్ధాప్య పెన్షను 4000 రూపాయలు. పక్షవాతముతో మంచమునకో చక్రముల కుర్చీకో పరిమితమైనవారికి, వైద్యుల ధ్రువపత్రముపై, 15,000 రూపాయలు. తెలంగాణలో వృద్ధుల ఆసరా పెన్షను 2019లో 2016 రూపాయలకు పెంచబడెను. 70 ఏండ్లు నిండిన వారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల ఆసుపత్రి చికిత్సకై ఆయుష్మాన్ కార్డును కేంద్రప్రభుత్వము 2024 అక్టోబరులో ప్రారంభించినది. అయితే ఆ కార్డు ఆసుపత్రిలో చేరినపుడు పనికివచ్చును. ఇంటిలో పక్క మార్చు మనిషికి జీతమియ్యదు. ఈ భేదము తెలియక చాలమంది కార్డు ఉన్నదని నిశ్చింతగా ఉందురు. ఇచటనున్న 40 ఏండ్ల లోపు సభ్యులు మాత్రము అటల్ పెన్షను పథకమున ఇప్పుడే చేరవచ్చును. 60వ ఏట నెలకు 1000 నుండి 5000 వరకు వచ్చును.

పంచాయతీ సభ్యులు ట్రిబ్యునలు కారు. తీర్పు చెప్పు అధికారము మీకు లేదు. సర్దిచెప్పవచ్చును, అయితే ఆ సర్దుబాటును నోటిమాటగా విడువక కాగితముపై పెట్టించుడు. పరువు పోవునని అర్జీని ఆపుట మాత్రము మీ పని కాదు. దారి తోచనివారికి 14567 అను వృద్ధుల సహాయ నెంబరు చెప్పుడు.

మొదట చెప్పిన ఆ దంపతులకు అర్జీ వ్రాసిపెట్టినది అచటి వార్డు సభ్యురాలే. ఆమె చదివినది పదవ తరగతి. తెల్లకాగితముపై తెలుగులో వ్రాసి, ఆ తండ్రి వేలిముద్ర వేయించి, డివిజను కార్యాలయమునకు తానే పట్టుకొనిపోయినది. కుమారులిరువురును నెల నెలా ఇంత ఇయ్యవలెనని ఉత్తర్వు అయినది. భూమి మాట అడుగగా అధికారి దస్తావేజును రెండుమార్లు తిరుగవేసి చూచి, షరతు ఎక్కడనున్నదమ్మా అని అడిగెను. ఆమె ఊరికి తిరిగివచ్చిన తరువాత, ఆ సంవత్సరము తన వార్డులో సెటిల్‌మెంటు వ్రాయబోవు ప్రతి ఇంటికి పోయి, వ్రాతప్రతిని తనకు ఒకమారు చూపుమని అడుగుచున్నది.